మందలో ఒక్క పశువు పాజిటివ్ వస్తే: పశువుల, గుర్రాల అంటువ్యాధి పరీక్షలను ఎలా చదవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఏడో నెలలో ఈసుకుపోయిన, అంటే గర్భస్రావం అయిన, ఆవుకు రోజ్ బెంగాల్ అనే రక్త పరీక్షలో బ్రూసెల్లోసిస్ (గర్భస్రావాలు తెచ్చే, మనుషులకూ సోకే బ్యాక్టీరియా రోగం) పాజిటివ్ వచ్చింది. పది రోజుల తర్వాత మరొక ప్రయోగశాలలో చేసిన ఎలైసా అనే యాంటీబాడీ పరీక్ష నెగటివ్ వచ్చింది. రోగజీవి డీఎన్ఏ కోసం రక్తంపై చేయించిన పీసీఆర్ కూడా నెగటివే. అదే ఆవరణలో ఉన్న ఆడగుర్రాన్ని అమ్మబోతే కొనేవారు గుర్రాల అంటురోగాలకు చేసే కాగిన్స్ పరీక్ష, గ్లాండర్స్ పరీక్ష నివేదికలు కావాలన్నారు. ఆవు మూడు నివేదికల్లో దేన్ని నమ్మాలి, అన్నిటికీ నేరుగా పీసీఆర్ చేయిస్తే ఈ గందరగోళమే ఉండదు కదా అని మీరు అడిగారు.

చాలాకాలం పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ మూడు నివేదికల్లో ఏ ఒక్కటీ తప్పు కాకపోవచ్చు. రోజ్ బెంగాల్ చూసింది ఆ రోజు రక్తరసంలో ఈ రోగం తెచ్చే బ్రూసెల్లా బ్యాక్టీరియాకు అతుక్కునే యాంటీబాడీలు ఉన్నాయా అని. ఎలైసా చూసింది పది రోజుల తర్వాత, బహుశా మరో తరగతి యాంటీబాడీలు, ఆ ప్రయోగశాల పెట్టుకున్న గీత దాటాయా అని. పీసీఆర్ చూసింది మీరు పంపిన ఆ కొద్దిపాటి రక్తంలో ఆ క్షణాన బ్యాక్టీరియా డీఎన్ఏ ఉందా అని. మీరు తెలుసుకోవాలనుకున్నది మాత్రం ‘ఈ ఆవుకు రోగం ఉందా, మందకు ప్రమాదం ఉందా’ అన్న నాలుగో ప్రశ్న. దానికి ఏ పరీక్షా ఒంటరిగా జవాబు చెప్పదు. నమూనా ఎప్పుడు తీశారు, శరీరంలో ఎక్కడి నుంచి తీశారు, ఆ పశువుకు టీకా చరిత్ర ఏమిటి, మందలో మిగతా పశువులు ఎలా ఉన్నాయి అన్నవి కలిపి చూస్తేనే జవాబు వస్తుంది.

ముందు పీసీఆర్ సంగతి చూద్దాం, ఎందుకంటే దాని మీదే ఎక్కువ అపోహలున్నాయి. వెతుకుతున్న జీవి నమూనాలో ఉంటే పీసీఆర్ అతి తక్కువ మోతాదునైనా పట్టుకోగలదు. కానీ బ్రూసెల్లా రక్తంలో అన్ని వేళలా తిరగదు. అప్పుడప్పుడు మాత్రమే, కొద్దిగా కనిపిస్తుంది. అది గూడు కట్టుకునేది శోషరస గ్రంథుల్లో, పొదుగులో, చూడి పశువైతే గర్భాశయంలో, మాయలో. అందుకే ఈసుకుపోయిన ఆవు రక్తంపై వచ్చిన పీసీఆర్ నెగటివ్‌కు నేను దాదాపు విలువ ఇవ్వను. అదే పరీక్షను మాయ ముక్క మీదో, పిండం పొట్టలోని ద్రవం మీదో, ఈసుకుపోయిన కొద్ది రోజుల్లో తీసిన యోని స్వాబ్ మీదో, పాల మీదో చేసి ఉంటే ఆ జవాబుకు బరువు ఉండేది. పిండం పొట్ట ద్రవంలో సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి, మట్టీ పేడా కలవవు. గర్భస్రావాల కారణం వెతికేవారికి అంతకంటే మంచి నమూనా అరుదు. చాలాచోట్ల ఆ పిండాన్ని, మాయను వెంటనే పాతిపెట్టేసి, వారం తర్వాత రక్తం పంపుతారు. అసలైన సాక్ష్యం అప్పటికే మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

దీనికి ఎదురుగా మరో సంగతి ఉంది. పీసీఆర్ పాజిటివ్ అన్నంత మాత్రాన ఆ జీవి బతికే ఉందని కాదు. చికిత్స అయిపోయి, బ్యాక్టీరియా చచ్చిపోయాక కూడా దాని డీఎన్ఏ కొంతకాలం మిగిలి ఉంటుంది. నివేదికలో ‘సీటీ’ అని ఒక అంకె కనిపిస్తే, అది ఎన్ని ఆవృత్తాల తర్వాత సంకేతం కనిపించిందో చెబుతుంది. అంకె చిన్నదైతే నమూనాలో పదార్థం ఎక్కువ, పెద్దదైతే తక్కువ. పరీక్ష చక్కగా పనిచేస్తున్నప్పుడు 3.3 ఆవృత్తాల తేడా అంటే సుమారు పదింతల తేడా. 20 దగ్గర వచ్చిన పాజిటివ్‌నూ 38 దగ్గర వచ్చిన పాజిటివ్‌నూ ఒకే కళ్లతో చూడకూడదు. రెండోది కొత్త నమూనాతో మళ్లీ తేల్చుకోవాల్సిన విషయం.

ఇక యాంటీబాడీ పరీక్షలు. రోజ్ బెంగాల్ చాలా సులభమైనది. రంగు వేసిన బ్రూసెల్లా కణాల ద్రావణాన్ని, రక్తరసాన్ని సమానంగా కలిపి, నాలుగు నిమిషాలు మెల్లగా కదిలించి, గుంపులు కట్టాయేమో చూస్తారు. నాలుగు నిమిషాలు దాటించి చూస్తే అంచుల్లో ఆరిపోయి లేని గుంపులు ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ పరీక్ష అనుమానితులను వడగట్టడానికి పుట్టింది, తీర్పు చెప్పడానికి కాదు. పెయ్యదూడగా ఉన్నప్పుడు ఎస్19 అనే బ్రూసెల్లా టీకా వేయించుకున్న ఆవుల్లో కొన్నింటికి ఆ టీకా యాంటీబాడీలు చాలాకాలం మిగిలిపోయి పాజిటివ్ చూపిస్తాయి. పెద్దయ్యాక ఆ టీకా వేస్తే ఇంకా ఎక్కువగా మిగులుతాయి. యెర్సీనియా ఎంటెరోకొలిటికా అనే పేగుల బ్యాక్టీరియాలో ఓ:9 అనే రకం ఉంది. దాని పైపొర బ్రూసెల్లా పైపొరను ఎంతగా పోలి ఉంటుందంటే, ఆ ఇన్ఫెక్షన్ వచ్చిపోయిన ఆవు కూడా పాజిటివ్ చూపించగలదు. ఆర్‌బీ51 అనే మరో బ్రూసెల్లా టీకాతో మాత్రం ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఆ టీకా బ్యాక్టీరియాలో మామూలు పరీక్షలు వెతికే ఆ పైపొర భాగమే ఉండదు.

తప్పుడు నెగటివ్‌కు కూడా మీ ఆవు విషయంలో అవకాశం ఉంది. ఈనే ముందూ, ఈనిన లేదా ఈసుకుపోయిన తర్వాత కొద్ది వారాల పాటూ యాంటీబాడీలు రక్తంలోంచి పొదుగులోకి, జున్నుపాలలోకి తరలిపోవడంతో రక్తరసంలో వాటి స్థాయి పడిపోవచ్చు. పైగా కొన్ని ఆవుల్లో యాంటీబాడీలు ఈసుకుపోయిన తర్వాతే పూర్తిగా పైకి వస్తాయి. కాబట్టి ఈసుకుపోయిన కొద్ది రోజులకే తీసిన రక్తరసంలో నెగటివ్ వచ్చిందని ఊరట పడటానికి లేదు. ఈసుకుపోయిన రోజు నుంచి కనీసం 30 రోజులు గడిచాక మళ్లీ రక్తం తీసి, ఒకే ప్రయోగశాలలో, ఒకే రోజున, రెండు వేర్వేరు పద్ధతులతో చూపించండి. ఎలైసాతో పాటు కాంప్లిమెంట్ ఫిక్సేషన్ గానీ, ఫ్లోరసెన్స్ పోలరైజేషన్ గానీ (ఇవీ యాంటీబాడీ పరీక్షలే) ఉంటే మంచిది. రెండు ప్రయోగశాలలకు రెండు వేర్వేరు తేదీల రక్తం పంపి, ఫలితాలు కలవలేదంటే తేడా పశువులో ఉందో, పద్ధతిలో ఉందో, కాలంలో ఉందో ఎవరూ చెప్పలేరు.

ఒక పాజిటివ్‌ను ఎంత నమ్మాలి అన్నది పరీక్ష నాణ్యత ఒక్కదాని మీదే ఆధారపడదు. మందలో రోగం ఎంత ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. లెక్క కోసం ఒక పరీక్ష తీసుకుందాం: రోగం ఉన్న 100 పశువుల్లో 95ని పట్టుకుంటుంది, రోగం లేని 100లో 98ని సరిగ్గా నెగటివ్ అంటుంది. మంచి పరీక్షే. 1000 పశువుల్లో 10కి మాత్రమే నిజంగా రోగం ఉందనుకుంటే, ఆ పదిలో తొమ్మిదో పదో దొరుకుతాయి. రోగం లేని 990లో సుమారు 20 కూడా పాజిటివ్ చూపిస్తాయి. అంటే వచ్చిన 30 పాజిటివ్‌లలో నిజమైనవి మూడింట ఒక వంతు మాత్రమే. అదే 1000లో 200 పశువులకు రోగం ఉంటే 190 నిజమైన పాజిటివ్‌లు, 16 తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. అప్పుడు ఒక పాజిటివ్ నిజం కావడానికి నూటికి 92 పాళ్లు అవకాశం ఉంది. పరీక్ష మారలేదు, కిట్ మారలేదు, చేసిన మనిషీ మారలేదు. అందుకే ఏ గర్భస్రావమూ లేని, బయటి పశువు రాని మూసిన మందలో ఒకే ఒక్క పాజిటివ్ వస్తే నేను మొదట పరీక్షను అనుమానిస్తాను. వరుసగా మూడు ఆవులు ఈసుకుపోయిన మందలో వస్తే మందను అనుమానిస్తాను. మీ మంద ఈ రెండింటికీ మధ్యలో ఉంది. ఒక్క పశువే అయినా అది ఏడో నెలలో ఈసుకుపోయింది, ఆ వయసు గర్భస్రావం బ్రూసెల్లోసిస్‌కు బాగా సరిపోతుంది.

ఈ లెక్కకు తోబుట్టువు లాంటిది ఇంకొకటి ఉంది: ఎన్ని పశువులను పరీక్షించాలి? ‘పది తీశాం, అన్నీ నెగటివ్, మంద శుభ్రం’ అనే మాట తరచూ వింటాను. పెద్ద మందలో రోగం 5 శాతం పశువుల్లో ఉంటే, అందులో కనీసం ఒక్కదాన్నయినా పట్టుకునే అవకాశం 95 శాతం ఉండాలంటే 59 పశువులను యాదృచ్ఛికంగా ఎంచి పరీక్షించాలి. రోగం 1 శాతంలోనే ఉంటే 299 కావాలి. అదీ పరీక్ష ఎప్పుడూ పొరపాటు పడదనుకుంటేనే. చిన్న మందలో అన్నిటినీ పరీక్షించడమే సులభం. పాడి మందల్లో పాల డబ్బా నుంచి కలగలుపు పాలు తీసి చేసే ఎలైసా గానీ, పాల రింగ్ పరీక్ష గానీ నెలనెలా నిఘాకు బాగా పనికొస్తాయి. అయితే పొదుగువాపు ఉన్న పాలు, జున్నుపాలు కలిస్తే రింగ్ పరీక్ష తప్పుడు పాజిటివ్ ఇస్తుంది, వట్టిపోయిన ఆవులు అసలు లెక్కలోకే రావు.

యాంటీబాడీ ఉందంటే రోగం ఉందనే అర్థం అన్ని వ్యాధుల్లోనూ ఒకేలా ఉండదు. దీనికి పశువుల వైరస్ రోగమైన బోవైన్ వైరల్ డయేరియా కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. చూడి మొదటి నాలుగు నెలల్లో తల్లికి ఈ వైరస్ సోకితే, పిండం దాన్ని పరాయిదిగా గుర్తించకుండా తనదే అనుకుని పుడుతుంది. ఆ దూడ జీవితాంతం వైరస్‌ను గుమ్మరిస్తూనే ఉంటుంది, కానీ దాని రక్తంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు ఉండవు. అంటే మందలో అన్నిటికంటే ప్రమాదకరమైన పశువే యాంటీబాడీ పరీక్షలో నెగటివ్‌గా, నిర్దోషిలా కనిపిస్తుంది. అక్కడ వెతకాల్సింది వైరస్ యాంటిజన్‌ను, అంటే వైరస్ సొంత ప్రోటీన్‌ను, చెవి అంచు నుంచి కత్తిరించిన చిన్న ముక్కలో. జున్నుపాల ద్వారా తల్లి యాంటీబాడీలు తాగిన లేత దూడ రక్తరసంలో అవి యాంటిజన్‌ను కప్పేయగలవు. చెవి ముక్కలో ఆ ఇబ్బంది చాలా తక్కువ. పాజిటివ్ వచ్చిన దూడను మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, తాత్కాలికంగా సోకినదైతే నెగటివ్ అవుతుంది, శాశ్వతంగా మోసేదైతే పాజిటివ్‌గానే ఉంటుంది.

గాలికుంటు వ్యాధిలో ప్రశ్న వేరే. టీకాలు వేసిన మందలో యాంటీబాడీలు ఉండడం మంచి సంగతే. వాటిలో ఏవి టీకావి, ఏవి నిజమైన వైరస్‌వి అని తేల్చాలి. శుద్ధి చేసిన టీకాలో వైరస్ పైతొడుగు ప్రోటీన్లే ఎక్కువగా ఉంటాయి. వైరస్ శరీరంలో పెరిగినప్పుడు మాత్రమే తయారయ్యే ప్రోటీన్లకు, ముఖ్యంగా 3ఏబీసీ అనే దానికి, యాంటీబాడీలు కనిపిస్తే ఆ పశువుకు నిజమైన ఇన్ఫెక్షన్ సోకిందని భావిస్తారు. టీకా శుద్ధి సరిగా లేకపోయినా, అదే టీకా ఎన్నోసార్లు వేసినా ఈ తేడా మసకబారుతుంది. కాబట్టి టీకా తేదీలు, టీకా పేరు, బ్యాచ్ రాయకుండా పంపిన నమూనా సగం నమూనాయే. బొబ్బలున్న దశలో అయితే యాంటీబాడీల జోలికి పోనక్కర్లేదు: అప్పుడే చిట్లిన లేదా ఇంకా చిట్లని బొబ్బ పొరను కనీసం ఒక గ్రాము తీసి, గ్లిజరిన్, ఫాస్ఫేట్ బఫర్ సమానంగా కలిపిన, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండే ద్రవంలో పంపాలి. ఈ వైరస్ ఆమ్లాన్ని అసలు తట్టుకోదు. ద్రవం పీహెచ్ కాస్త దిగజారితే నమూనా చేరుతుంది గానీ వైరస్ చేరదు. ఇంకో మాట, మీ దగ్గర గుర్రం కూడా ఉంది కనుక: గుర్రాలకు గాలికుంటు రాదు. ఆవులకూ గుర్రానికీ ఒకేసారి నోటిలో బొబ్బలు వస్తే, రెండింటికీ సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ అనే వైరస్ రోగం వైపు చూడమని మీ పశువైద్యుడికి గుర్తుచేయండి.

క్షయ పరీక్ష ప్రయోగశాలలో కంటే పశువు చర్మంపైనే ఎక్కువగా జరుగుతుంది. ట్యూబర్‌కులిన్‌ను (ఈ జాతి బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రోటీన్) చర్మంలోకి ఎక్కించి 72 గంటలకు వాపు కొలుస్తారు. పక్షి రకం, పశు రకం ట్యూబర్‌కులిన్‌లను మెడపై పక్కపక్కనే ఎక్కించి పోల్చే పద్ధతి, నేలలో ఉండే హానిలేని మైకోబ్యాక్టీరియాల వల్ల వచ్చే తప్పుడు పాజిటివ్‌లను చాలావరకు తొలగిస్తుంది. రోగం ముదిరిన పశువు, ఇటీవల ఈనిన పశువు స్పందించకపోవచ్చు. దీనికి తోడుగా చేసే ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్షకు హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) గొట్టంలో రక్తం కావాలి, అందులోని తెల్లకణాలు ప్రాణంతో ఉండాలి. అలవాటు కొద్దీ ఆ గొట్టాన్ని మంచులో పెట్టి పంపేవారున్నారు. ఈ ఒక్క పరీక్షకు మంచు పనికిరాదు, గది ఉష్ణోగ్రతలో ఒక రోజు లోపల చేరాలి.

గొట్టాల సంగతి వచ్చింది కాబట్టి దాన్నే కొంచెం సేపు మాట్లాడతాను. ప్రయోగశాలలో పాడయ్యే ఫలితాల కంటే ప్రయోగశాలకు చేరకముందే పాడయ్యేవి ఎక్కువని నా అభిప్రాయం. యాంటీబాడీ పరీక్షలకు ఏ మందూ కలపని గొట్టంలో రక్తం తీసి, గది ఉష్ణోగ్రతలో గడ్డకట్టనిచ్చి, పైన తేలిన రక్తరసాన్ని వేరు చేసి చల్లగా పంపాలి. గడ్డ మీదే ఉంచి రెండు రోజులు బస్సులో తిప్పినా, మొత్తం రక్తాన్ని గడ్డకట్టే చలిలో పెట్టినా ఎర్రకణాలు పగిలి రక్తరసం ఎర్రబారుతుంది. కాంప్లిమెంట్ ఫిక్సేషన్ వంటి పరీక్షలు అక్కడే ఆగిపోతాయి. రక్తం మీద పీసీఆర్‌కు, రక్త పరాన్నజీవుల స్లయిడ్‌కు ఈడీటీఏ అనే, రక్తం గడ్డకట్టనివ్వని మరో మందు ఉన్న గొట్టం వాడాలి. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. స్వాబ్‌కు చెక్క పుల్ల, కాల్షియం ఆల్జినేట్ దూది ఉంటే అవి కూడా పీసీఆర్‌ను దెబ్బతీయవచ్చు, కృత్రిమ పీచు చివర, ప్లాస్టిక్ పుల్ల ఉన్నవి తీసుకోవాలి. బ్యాక్టీరియా పెంచి చూడాల్సిన ముక్కను ఫార్మలిన్‌లో వేశారంటే అది చచ్చినట్టే. ఫార్మలిన్ సూక్ష్మదర్శిని కింద కణజాలం చూడడానికే. అప్పుడు కూడా ముక్కకు పదింతల ద్రవం ఉండాలి, ముక్క పలుచగా ఉండాలి. యాంటీబయాటిక్ ఇచ్చాక తీసిన నమూనాలో ఏమీ పెరగలేదంటే అది బ్యాక్టీరియా లేదన్న రుజువు కాదు.

నమూనా తీసేవారి ప్రాణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రూసెల్లా ఉన్న మాయను ఒట్టి చేతులతో లాగడం వల్ల రోగం మనుషులకు సోకుతుంది. చేతి తొడుగులు, ముఖానికి అడ్డు, తర్వాత సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. హఠాత్తుగా చచ్చి, ముక్కునుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును అసలు కోయకూడదు. అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) అయితే గాలి తగిలిన బ్యాక్టీరియా బీజాలుగా మారి నేలలో దశాబ్దాలు ఉంటుంది. చెవి సిర నుంచి ఒక్క చుక్క రక్తంతో స్లయిడ్ చేస్తే చాలు. పాలిక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేస్తే నీలి కడ్డీల చుట్టూ గులాబీ రంగు తొడుగు కనిపిస్తుంది. మక్‌ఫేడియన్ 1903లో వివరించిన ఈ రంగు పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. చచ్చి ఒక రోజు దాటితే, కోయని కళేబరంలో ఆ కడ్డీలు కుళ్లు బ్యాక్టీరియా మధ్య కరిగిపోతాయి, కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇలాంటి నమూనాలను కారని లోపలి గొట్టం, ద్రవాన్ని పీల్చే పొరతో కూడిన రెండో డబ్బా, గట్టి బయటి పెట్టె అనే మూడు పొరల్లోనే పంపాలి. మామూలు రోగ నిర్ధారణ నమూనాల పెట్టెపై యూఎన్ 3373 గుర్తు ఉంటుంది.

ఇప్పుడు గుర్రం. కొనేవారు అడిగిన కాగిన్స్ పరీక్ష గుర్రాల అంటు రక్తహీనత కోసం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెరాయ్ కాగిన్స్ 1970 ప్రాంతంలో దీన్ని తీర్చిదిద్దారు. అగర్ జెల్లో చేసిన చిన్న గుంటల్లో ఒకవైపు వైరస్ యాంటిజన్, మరోవైపు గుర్రం రక్తరసం పోస్తే, రెండూ జెల్లోంచి నడిచి వచ్చి కలిసిన చోట తెల్లని గీత పడుతుంది. వేగం లేదు, 24 నుంచి 48 గంటలు పడుతుంది. కానీ ఇక్కడ యాంటీబాడీ అంటే నిజంగానే రోగం, ఎందుకంటే ఈ వైరస్ ఒకసారి సోకిన గుర్రం నుంచి జీవితాంతం పోదు, ఎక్కువ దేశాల్లో టీకా కూడా లేదు కనుక టీకా యాంటీబాడీల సందేహమూ రాదు. ఎలైసా దీనికంటే త్వరగా, ఎక్కువ గుర్రాలను పట్టుకుంటుంది, అప్పుడప్పుడు అమాయకులను కూడా పట్టుకుంటుంది. కాబట్టి ఎలైసా పాజిటివ్‌ను జెల్ పరీక్షతో ఖాయపరచడం ఆనవాయితీ. సోకిన తర్వాత యాంటీబాడీలు కనిపించడానికి చాలా గుర్రాల్లో 45 రోజుల లోపు సమయం పడుతుంది. కాబట్టి నెల క్రితం ఎక్కడి నుంచో వచ్చిన గుర్రానికి నిన్న నెగటివ్ వచ్చిందంటే, అది నిన్నటి సంగతి కూడా పూర్తిగా కాదు. వేరుగా ఉంచి, ఆ వ్యవధి దాటాక మరోసారి చేయించాలి.

కొనేవారు అడిగిన రెండోది గ్లాండర్స్, గుర్రాలకు, గాడిదలకు వచ్చే అంటురోగం. దాని బ్యాక్టీరియా మనుషులకు సోకితే ప్రాణాంతకం కావచ్చు, అందుకే దాన్ని పెంచే పని ప్రత్యేక భద్రత ఉన్న ప్రయోగశాలలే చేస్తాయి. మామూలుగా జరిగేది రక్తరసంపై కాంప్లిమెంట్ ఫిక్సేషన్, లేదా ఎలైసా. గాడిదలు, కంచరగాడిదల రక్తరసం ఈ కాంప్లిమెంట్ పరీక్షలో తనంతట తానే అడ్డుపడి తేల్చలేని ఫలితాలు ఇస్తూ ఉంటుంది. మెలియాయిడోసిస్ అనే మరో రోగపు బ్యాక్టీరియా దీనికి దగ్గరి బంధువు కావడంతో అది తిరిగే ప్రాంతాల్లో తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. ఒక్క కాంప్లిమెంట్ పాజిటివ్ మీద, ఏ లక్షణాలూ లేని గుర్రం విషయంలో, రెండో పద్ధతితో ఖాయపరచమని అడగడం మీ హక్కు. అయితే ఈ వ్యాధిలో ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని వేరుగా ఉంచి, అధికారులకు తెలపడం మాత్రం ఆలస్యం చేయదగింది కాదు.

గుర్రాల్లోనే ఒకే ఫలితం రెండు రకాలుగా చదవాల్సిన వ్యాధి ఇంకొకటి ఉంది, వైరల్ ఆర్టెరైటిస్ (రక్తనాళాల వాపు తెచ్చే వైరస్ రోగం). ఆడగుర్రంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు ఉంటే, పాత ఇన్ఫెక్షన్ నుంచి కోలుకుంది అని ముందుకు వెళ్లవచ్చు. టీకా వేయని మగగుర్రంలో అదే యాంటీబాడీ వస్తే, దాని వీర్యంలో వైరస్ ఏళ్ల తరబడి ఉండే అవకాశం ఉంది. వీర్యాన్ని పరీక్షించేదాకా జతకు పెట్టకూడదు. మగగుర్రానికి టీకా వేయించే ముందు ఒక రక్తరసం నమూనా తీసి, నెగటివ్ నివేదిక దాచుకోకపోతే, తర్వాత వచ్చే యాంటీబాడీ టీకాదని ఎవరికీ రుజువు చేయలేరు.

గొంతు గడ్డల రోగం, అంటే స్ట్రాంగిల్స్, తగ్గాక కొన్ని గుర్రాలు గొంతు పక్కన ఉండే గట్టురల్ సంచుల్లో బ్యాక్టీరియాను నెలల పాటు మోస్తాయి, బయటకు ఆరోగ్యంగా ఉంటాయి. ముక్కు స్వాబ్ నెగటివ్ దీన్ని పట్టదు. ఎండోస్కోపుతో ఆ సంచులను కడిగిన నీటిపై పీసీఆర్, కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూడడం) రెండూ చేయాలి. అది లేనిచోట వారానికి ఒకటి చొప్పున మూడు స్వాబ్‌లు. దోమల ద్వారా సోకే వెస్ట్ నైల్ వైరస్ విషయంలో దీనికి తలకిందులు: నరాల లక్షణాలు బయటపడే సమయానికి గుర్రం రక్తంలో వైరస్ దాదాపు ఉండదు, పీసీఆర్ నెగటివ్ వస్తుంది, రక్తరసంలో ఐజీఎం (మొదట పుట్టే తరగతి) యాంటీబాడీలే ఇటీవలి ఇన్ఫెక్షన్‌ను చెబుతాయి. ఇన్‌ఫ్లుయెంజాలో జ్వరం మొదలైన మొదటి రెండు మూడు రోజుల ముక్కు స్వాబ్‌కు ఉన్న విలువ వారం తర్వాతి దానికి లేదు. పిడుదుల ద్వారా వచ్చే రక్త పరాన్నజీవి రోగం పిరోప్లాస్మోసిస్‌లో జ్వరంతో ఉన్న గుర్రం రక్తపు స్లయిడ్‌లో పరాన్నజీవి దొరుకుతుంది, దాన్ని మోస్తూ తిరిగే గుర్రంలో దాదాపు దొరకదు, అక్కడ పోటీ ఎలైసా కావాలి. పీసీఆర్ ఒక్కటే చాలదా అన్న మీ మాటకు ఇది నా జవాబు.

కాలం గడిచిపోయి, వైరస్ దొరికే దశ దాటిపోయినప్పుడు జంట రక్తరసాలు పనికొస్తాయి. జబ్బు మొదట్లో ఒకటి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మరొకటి తీసి, మొదటిదాన్ని గడ్డకట్టించి దాచి, రెండింటినీ ఒకే రోజు ఒకే పళ్లెంలో పరీక్షించాలి. యాంటీబాడీ స్థాయి నాలుగింతలు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే ఈ జబ్బుకు ఆ జీవే కారణమనవచ్చు. వేర్వేరు రోజుల్లో పరీక్షించి అంకెలు పోల్చడం వల్ల లాభం లేదు.

నివేదిక చేతికి వచ్చాక పాజిటివ్, నెగటివ్ అన్న మాట కంటే ముందు పద్ధతి పేరు, నమూనా రకం, నమూనా తీసిన తేదీ, అందిన స్థితి, అంకె, గీత ఎక్కడ పెట్టారు అన్నవి చూడండి. ‘సందేహాస్పదం’ అని రాస్తే అది ప్రయోగశాల నిజాయితీ. దాన్ని నెగటివ్‌గా చదువుకోవద్దు. ఆ పద్ధతికి వారికి ఐఎస్ఓ 17025 (ప్రయోగశాలల నాణ్యత ప్రమాణం) గుర్తింపు ఉందా, ఇతర ప్రయోగశాలలతో పోల్చుకునే పరీక్షల్లో పాల్గొంటున్నారా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ప్రమాణ గ్రంథం ఒక్కో పద్ధతి దేనికి తగినదో, అంటే దిగుమతికా, మంద నిఘాకా, రోగం ఉన్న పశువును ఖాయపరచడానికా అని వేర్వేరుగా చెబుతుంది. మీ పశువైద్యుడితో కలిసి ఆ పట్టిక ఒకసారి చూస్తే చాలా వాదనలు తీరిపోతాయి.

మీ ఆవు విషయంలో నేను చేసేది ఇది. ఈ రోజు నుంచే దాన్ని ఈనే పాకకు, చూడి ఆవులకు దూరంగా ఉంచి, దాని పాలు కాయకుండా ఎవరికీ ఇవ్వను. ఇప్పటికీ స్రావం ఉంటే యోని స్వాబ్, పాలు ఉంటే నాలుగు చన్నుల పాలు తీసి కల్చర్‌కు, పీసీఆర్‌కు పంపుతాను, పెట్టెపైన బ్రూసెల్లా అనుమానం అని స్పష్టంగా రాస్తాను, ఎందుకంటే తెలియకుండా ఆ కల్చర్ తెరిచే సిబ్బందికి అది ప్రమాదం. దానికి ఎస్19 వేశారా, ఏ వయసులో వేశారు అన్నది పాత పుస్తకంలో వెతుకుతాను. మిగతా చూడి, పాడి ఆవులన్నిటి రక్తరసం ఇప్పుడే తీయించి, ఈ ఆవు రక్తరసాన్ని ఈసుకుపోయిన 30 రోజుల తర్వాత మళ్లీ తీయించి, అన్నీ ఒకే ప్రయోగశాలకు ఇస్తాను. ఈ మధ్యలో ఇంకొక ఆవు ఈసుకుపోతే రక్తం కంటే ముందు ఆ మాయను, పిండాన్ని చల్లగా మూసి పంపాలి. ఆడగుర్రానికి కాగిన్స్, గ్లాండర్స్ నమూనాలను కొనేవారి ప్రాంతపు నిబంధన ఎన్ని రోజుల లోపలి నివేదికను ఒప్పుకుంటుందో తెలుసుకున్నాకే తీయించండి. నివేదికలో గుర్రం మచ్చల చిత్రం, మైక్రోచిప్ సంఖ్య సరిపోలకపోతే ఫలితం ఎంత చక్కగా ఉన్నా సరిహద్దు దగ్గర ఒప్పుకోరు. దాని వెంట పాలు తాగే పిల్ల ఉండి, తల్లి పాజిటివ్ వస్తే, పిల్లలో కనిపించే యాంటీబాడీలు ఆరు నెలల వరకు తల్లివే కావచ్చు. ఆ వయసు దాటేదాకా దాన్ని వేరుగా ఉంచి, తర్వాతే మళ్లీ పరీక్షించి నిర్ణయించండి.